బ్యాంకాక్‌లో ఒక్కరే, ఒక్క రోజు: నదిని వదలకుండా ఎలా తిరగాలి

బ్యాంకాక్‌లో మీకు దొరికింది ఒక్క పగలే అయితే, పైగా ఒక్కరే తిరుగుతుంటే, చావో ఫ్రాయా నదిని వదలకండి. నేను గట్టిగా నమ్మే పద్ధతి ఇదే. ఊరు చాలా పెద్దది, రోడ్ల మీద ట్రాఫిక్ ఘోరం. పాత గుళ్లు, మాల్స్, ఫ్లోటింగ్ మార్కెట్, మేడ మీది హోటళ్లు అన్నీ ఒకే రోజులో పెట్టుకుంటే సగం రోజు ట్యాక్సీలోనే అయిపోతుంది. ఫొటోల్లో ఎక్కువగా కనిపించే డమ్నోన్ సదువాక్ పడవల సంత ఊరికి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. చతుచాక్ సంత అసలు సందడి శని, ఆదివారాల్లోనే. వాటిని ఇంకోసారి వచ్చినప్పుడు చూడొచ్చు.

నది ఒడ్డున గ్రాండ్ ప్యాలెస్, దాని పక్కనే వాట్ పో, ఎదుటి ఒడ్డున వాట్ అరుణ్ (వాట్ అంటే గుడి). పగటికి ఈ మూడు చాలు. చీకటి పడ్డాక చైనాటౌన్. ఈ నాలుగింటి మధ్య ఒక్కసారి కూడా కారు ఎక్కాల్సిన అవసరం రాదు.

ఒక్కరే వెళ్లడం వల్ల ఇక్కడ పెద్ద లాభం ఉంది. ఒక గోడ మీది బొమ్మల ముందు గంటసేపు నిలబడాలనిపిస్తే "ఇంకా ఎంతసేపు?" అని అడిగేవాళ్లు ఉండరు. నష్టం కూడా ఉంది. ఎవరైనా మాయమాటలు చెబుతుంటే చెయ్యి పట్టుకుని పక్కకు లాగేవాళ్లు ఉండరు. ఈ రెండూ దృష్టిలో పెట్టుకుని రోజును ఎలా నడపాలో చెప్తాను.

ముందు రోజు రాత్రి

మొదట గ్రాండ్ ప్యాలెస్ అధికారిక వెబ్‌సైట్ తెరిచి, రేపు ప్యాలెస్ తెరిచి ఉంటుందో లేదో చూడండి. రాజకుటుంబపు కార్యక్రమాలున్న రోజుల్లో మొత్తంగానో, కొంత భాగమో మూసేస్తారు. ఒక్క నిమిషం పనే, కానీ రేపు పొద్దున మీ డబ్బును కాపాడేది ఇదే. ఎలాగో కాసేపట్లో చెప్తాను.

తర్వాత బట్టలు. గ్రాండ్ ప్యాలెస్‌లో భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. షార్ట్స్, స్లీవ్‌లెస్, చిరుగుల జీన్స్, ఒంటికి అతుక్కునే లెగ్గింగ్స్ వేసుకుంటే గేటు దగ్గరే ఆపేస్తారు. స్లీవ్‌లెస్ మీద చున్నీ కప్పుకుంటానంటే ఒప్పుకోరు. మన కుర్తా, చుడీదార్, చేతుల చొక్కా, లూజు ప్యాంటు బ్రహ్మాండంగా సరిపోతాయి. కాటన్‌వే వేసుకోండి. ఏడాదిలో చాలా నెలలు అక్కడి ఉక్క మన విజయవాడ మే నెల ఉక్కలా ఉంటుంది. గుళ్లలో చెప్పులు పదేపదే విప్పాలి కాబట్టి లేసులున్న షూస్ వద్దు, తేలిగ్గా విడిచేవి వేసుకోండి.

చిల్లర దగ్గర పెట్టుకోండి. పడవలో, ఫెర్రీలో, రోడ్డు పక్క బండ్ల దగ్గర 20, 100 బాత్ నోట్లు ఉంటే పని జరుగుతుంది. వెయ్యి బాత్ నోటు తీస్తే వాళ్లకీ మీకూ ఇబ్బందే. ఆ నోటును రాత్రే ఏ సెవెన్ ఎలెవన్ షాపులోనో నీళ్ల సీసా కొని మార్చుకోండి. కుళాయి నీళ్లు ఎలాగూ తాగకూడదు. ఎంఆర్‌టీ మెట్రోలో గేటు దగ్గర వీసా లేదా మాస్టర్‌కార్డ్ కాంటాక్ట్‌లెస్ కార్డు తాకిస్తే చాలు. కానీ మీ బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసి ఉండాలి. ఇది ఇండియాలో ఉండగానే చూసుకోండి.

హోటల్ కార్డు మీద పేరు, అడ్రస్ థాయ్ లిపిలో ఉన్న వైపు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఇంగ్లిష్ అడ్రస్ చూపిస్తే తికమకపడే డ్రైవర్లు కూడా అది చూడగానే తల ఊపుతారు. ఇంట్లోవాళ్లకి మీ రేపటి వరస ఒక మెసేజ్ పెట్టండి. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు నడుస్తుంది కాబట్టి, మీరు పడవ ఎక్కే వేళకి ఇక్కడ ఇంకా తెల్లవారుతూ ఉంటుంది. టూరిస్ట్ పోలీసుల నంబర్ 1155 ఫోన్‌లో సేవ్ చేసుకోండి. వాళ్లతో ఇంగ్లిష్‌లో మాట్లాడొచ్చు.

ఇంకా విమానం ఎక్కనివాళ్లకు ఒక మాట. 2025 మే నుంచి థాయ్‌లాండ్‌కి వెళ్లే విదేశీయులు దిగడానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.

పొద్దున ఏడింటికల్లా రేవు దగ్గర

బీటీఎస్ స్కైట్రెయిన్‌లో సఫాన్ తాక్సిన్ స్టేషన్‌కి రండి. మీరు సుఖుమ్‌విత్ వైపు ఉంటే సియామ్ దగ్గర లైన్ మారాలి. రెండో నంబర్ దారిలోంచి కిందికి దిగితే సథోర్న్ రేవు కళ్ల ముందే ఉంటుంది. అక్కడ టూరిస్టు పడవల టికెట్లమ్మేవాళ్లు ముందు మిమ్మల్నే పిలుస్తారు. అవీ మంచివే, కాస్త ఖరీదు ఎక్కువ, నీలం జెండా ఉంటుంది. మీకు కావాల్సింది నారింజ రంగు జెండా ఉన్న చావో ఫ్రాయా ఎక్స్‌ప్రెస్ పడవ. ఎంత దూరం వెళ్లినా 16 బాత్. ఆఫీసులకు, కాలేజీలకు వెళ్లే ఊరి జనం ఎక్కే పడవ అది.

పడవ రేవుకి ఆనుకుని కొద్ది సెకన్లే ఆగుతుంది. వెనక నిలబడ్డ కుర్రాడు ఈల వేస్తూ నడిపేవాడికి సైగలు చేస్తాడు. ఆ ఈలల మధ్యలోనే దిగేవాళ్లు దిగాలి, ఎక్కేవాళ్లు ఎక్కాలి. చేతిలో ఫోన్ పట్టుకుని ఎక్కొద్దు, జేబులో పెట్టేయండి. కండక్టర్ పొడవాటి రేకు డబ్బా గలగలలాడిస్తూ మీ దగ్గరికే వచ్చి టికెట్ ఇస్తుంది. భిక్షువుల కోసం కేటాయించిన చోటు ఒకటి ఉంటుంది, అక్కడ కూర్చోకండి. ఆడవాళ్లు భిక్షువులకి తగలకుండా కొంచెం ఎడంగా నిలబడితే మర్యాద.

ఎడమ పక్కకి చేరగలిగితే చేరండి. అరగంట లోపే ఆ పక్కన వాట్ అరుణ్ గోపురం కనిపిస్తుంది. ఇప్పుడు దిగొద్దు, సాయంత్రం వస్తాం. దాని తర్వాత కుడివైపు ఒడ్డున ఉన్న థా చాంగ్ రేవులో దిగండి. రేవు దగ్గర అరటిపళ్లు, బన్ను, కాఫీ దొరుకుతాయి. తినేయండి, లోపల రెండు మూడు గంటలు పడుతుంది.

"ఈ రోజు ప్యాలెస్ మూసేశారండి"

రేవు నుంచి ప్యాలెస్ గేటుకి నడక ఐదు నిమిషాలే. ఒంటరి మనిషికి ఈ ఐదు నిమిషాల్లో చాలా మెలకువ కావాలి. శుభ్రంగా బట్టలు వేసుకున్న ఒక పెద్దమనిషి, ఒక్కోసారి మెడలో ఐడీ కార్డుతో, నవ్వుతూ పలకరిస్తాడు. ఏ దేశం నుంచి వచ్చారు, ఎన్నాళ్లుంటారు అని అడుగుతాడు. తర్వాత, అయ్యో, ఈ రోజు బౌద్ధుల పండుగ, మధ్యాహ్నం దాకా విదేశీయుల్ని లోపలికి రానివ్వరు అంటాడు. ఈలోపు ఫలానా గుడి చూడండి, టుక్‌టుక్‌కి 20 బాతే, ఇవాళ ప్రభుత్వమే తక్కువ రేటు పెట్టింది అంటాడు. ఆ బండి మిమ్మల్ని ఒక చిన్న గుడి చూపించి, చివరికి రత్నాల షాపుకో టైలర్ షాపుకో తీసుకెళ్తుంది. అక్కడ రంగురాళ్లు కొంటే ఇండియాలో రెట్టింపుకి అమ్ముకోవచ్చని ఇంకో "స్నేహితుడు" చెప్తాడు.

ఈ మోసం దశాబ్దాలుగా నడుస్తోంది. ఇద్దరు ముగ్గురు కలిసి నడుస్తుంటే వాళ్లలో ఎవరో ఒకరికి అనుమానం వస్తుంది. ఒక్కరే ఉన్నప్పుడు మర్యాదగా వింటూ ఉండిపోతాం. కాబట్టి నియమం ఒకటి పెట్టుకోండి: మూసేశారో లేదో చెప్పాల్సింది గేటు దగ్గరున్న యూనిఫాం మనిషి, టికెట్ కౌంటర్. దారిలో ఇంకెవరు చెప్పినా నవ్వి, చేతులు జోడించి, ఆగకుండా నడవండి. రాత్రే వెబ్‌సైట్ చూశారు కాబట్టి మనసులో ఊగిసలాట ఉండదు. సనమ్ లువాంగ్ మైదానం వైపు పావురాలకు వేయమని గింజల సంచి చేతిలో పెట్టేవాళ్లున్నా అంతే. చేతిలోకి తీసుకున్నాక డబ్బు అడుగుతారు.

మీ అంతట మీరు వెళ్లి దారి అడిగితే మాత్రం ఆ ఊరి జనం చాలా మంచివాళ్లు. పలకరించినప్పుడు "సవాత్‌దీ" అనండి. మగవాళ్లయితే చివర "ఖ్రప్", ఆడవాళ్లయితే "ఖా" చేర్చండి. మనలాగే చేతులు జోడిస్తారు కాబట్టి మీకది కొత్తగా అనిపించదు.

ఎనిమిదిన్నర: గ్రాండ్ ప్యాలెస్

గేటు పొద్దున 8:30కి తెరుస్తారు, టికెట్లు మధ్యాహ్నం 3:30 దాకా ఇస్తారు. టికెట్ 500 బాత్. తొమ్మిదిన్నర దాటితే బస్సుల్లో గుంపులు దిగుతాయి, వాటికంటే ముందు లోపల ఉండాలి. టికెట్ తీసుకునేటప్పుడు ఖోన్ ప్రదర్శన గురించి అడగండి. ఖోన్ అంటే మాస్కులు పెట్టుకుని ఆడే రామాయణ నాట్యం. 2018లో యునెస్కో దాన్ని తన జాబితాలో చేర్చింది. వారపు రోజుల్లో కొంచెం దూరంలోని సాలా చలెర్మ్‌క్రుంగ్ థియేటర్‌లో వేసే చిన్న ప్రదర్శన ఈ టికెట్‌లోనే కలిసి ఉంటుంది. వేళ కుదిరితే చూడండి. కుదరకపోయినా బాధపడొద్దు, ఎందుకంటే ఆ కథంతా లోపల గోడల మీద ఉంది.

1782లో మొదటి రామ అని పిలిచే థాయ్ రాజు రాజధానిని నది పడమటి ఒడ్డు నుంచి తూర్పు ఒడ్డుకి మార్చినప్పుడు ఈ ప్యాలెస్ కట్టడం మొదలైంది. లోపలికి వెళ్లగానే ముందు వచ్చేది రాజుగారి గుడి, వాట్ ఫ్రా కేవ్. చాలామంది బంగారు స్తూపం దగ్గర ఫొటోలతో మొదలుపెడతారు. మీరు తిన్నగా పచ్చ బుద్ధుడి మందిరంలోకి వెళ్లండి, ఆ వేళకి ఖాళీగా ఉంటుంది. విగ్రహం 66 సెంటీమీటర్లే, ఎత్తైన బంగారు పీఠం మీద చిన్నగా కనిపిస్తుంది. ఎండాకాలం, వానాకాలం, చలికాలం మొదలైనప్పుడు రాజు స్వయంగా ఆ విగ్రహానికి బట్టలు మారుస్తాడు. లోపల ఫొటోలు తీయకూడదు. నేల మీద కూర్చుని పాదాలు వెనక్కి మడుచుకోండి. బుద్ధుడి వైపు కాళ్లు చాపడం వాళ్లకి పెద్ద తప్పు. కాసేపు అలా కూర్చోండి, తొందర లేదు.

బయటికి వచ్చాక, ఆవరణ చుట్టూ తిరిగే పొడవైన వసారాలోకి నడవండి. నా దృష్టిలో ఈ రోజంతటిలో ముఖ్యమైన చోటు ఇదే. మిగతావాళ్లు ఐదు నిమిషాల్లో దాటేసే ఆ వసారాలో మీరు కనీసం గంట ఉండాలి.

ఆ గోడల మీద రామకియెన్, అంటే థాయ్ రామాయణం, 178 బొమ్మల్లో ఉంది. ఉత్తరం వైపు గోడ దగ్గర మొదలై గడియారపు ముల్లు దిశలో, మన ప్రదక్షిణ లాగానే, సాగుతుంది. జనక మహారాజుకి భూమిలో సీత దొరికే ఘట్టం మొదట్లోనే కనిపిస్తుంది. అక్కణ్ణుంచి పట్టుకుంటే గైడ్ లేకుండానే కథ మీకు అర్థమవుతూ పోతుంది. పక్కన నిలబడ్డ యూరప్ మనిషికి ఒక్కో బొమ్మకీ పుస్తకం కావాలి. మీకు చిన్నప్పటి నుంచి విన్న కథే చాలు. ముందుగా తెలుసుకోవాల్సింది రంగులు: రాముడు ఆకుపచ్చ, లక్ష్మణుడు బంగారు రంగు, హనుమంతుడు తెలుపు, సుగ్రీవుడు ఎరుపు. రావణుడు కూడా ఆకుపచ్చే, కాబట్టి రంగు చూసి రాముడనుకోకండి, కోరల ముఖం, తలలు చూడండి. అయోధ్య, లంక రెండూ మీరు నిలబడ్డ ప్యాలెస్ లాగే కోణపు కప్పులతో, బంగారంతో మెరుస్తుంటాయి.

కథలో తేడాలు చూసి కంగారు పడొద్దు. వాళ్ల రామాయణంలో సీత రావణుడికే పుట్టి, జాతకం బాగాలేదని నీళ్లలో వదిలేసిన బిడ్డ. హనుమంతుడు బ్రహ్మచారి కాడు. వారధి కడుతుంటే రాళ్లు మాయమవుతున్నాయని నీళ్లలోకి దిగి, రావణుడి కూతురైన మత్స్యకన్యను చూసి ప్రేమిస్తాడు. సేనను దాటించడానికి ఒళ్లు పెంచి తోకను వంతెనగా పరిచే హనుమంతుడి బొమ్మను మాత్రం వదలకండి.

తెలుగువాళ్లు ప్రత్యేకంగా వెతకాల్సిన ఘట్టం ఇంకొకటుంది. రాముణ్ణి కాపాడటానికి హనుమంతుడు కొండంత పెరిగి, రాముడున్న మండపాన్నే నోట్లో పెట్టుకుని కూర్చుంటాడు. అయినా పాతాళపు రాక్షసుడు అందరికీ మత్తు చల్లి రాముణ్ణి ఎత్తుకుపోతాడు. హనుమంతుడు పాతాళానికి దిగితే అక్కడ కాపలా ఉన్నది ఆ మత్స్యకన్యకు పుట్టిన తన సొంత కొడుకే. మన తోలుబొమ్మలాటలో, హరికథల్లో మైరావణుడి కథ విన్నవాళ్లకి, మత్స్యవల్లభుడి పేరు తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పాలా! వాల్మీకంలో లేని ఈ కథ మన పల్లెల్లోనూ ఉంది, సముద్రం అవతల రాజుగారి గుడి గోడ మీదా ఉంది. ఆ బొమ్మ ముందు నిలబడి ఇంటికి వీడియో కాల్ చేస్తే ఇంట్లో పెద్దవాళ్లు ఎంత సంతోషిస్తారో చూడండి.

బొమ్మల్ని తాకకండి. వసారాలో నీడ ఉంటుంది కాబట్టి ఎండ ముదిరినా ఇబ్బంది లేదు.

అక్కణ్ణుంచి ప్యాలెస్ భవనాల వైపు నడిస్తే చక్రీ మహాప్రాసాద్ కనిపిస్తుంది. 1882లో పూర్తయిన ఈ భవనానికి ఒళ్లు యూరప్‌ది, నెత్తిన కిరీటం థాయ్‌ది. బయటి నుంచి చూడటమే, ఇరవై నిమిషాలు చాలు.

ఒక జాగ్రత్త. అక్కడ రాజు గురించి, రాజకుటుంబం గురించి సరదాకి కూడా తేలిగ్గా మాట్లాడకండి. చట్టం చాలా కఠినం, పైగా జనానికి మనసు నొప్పి. పొద్దున 8కి, సాయంత్రం 6కి స్టేషన్లలో, పార్కుల్లో జాతీయగీతం వినిపిస్తే అందరితో పాటు ఆగి నిలబడండి.

మధ్యాహ్నం తిండి

పదకొండున్నర ప్రాంతంలో ప్యాలెస్ నుంచి దక్షిణంగా, మహారాత్ రోడ్డు పట్టుకుని థా తియన్ వైపు నడవండి. ఆ సందుల్లో చిన్న హోటళ్లు, కేఫ్‌లు చాలా ఉన్నాయి. ఒక్కరే కూర్చుని తింటే ఎవరూ వింతగా చూడరు. థాయ్ భోజనం చాలావరకు ఒక ప్లేటు, ఒక మనిషి లెక్కలోనే ఉంటుంది.

మాంసం తినేవాళ్లకి ఏ చింతా లేదు. శాకాహారులు మాత్రం కొంచెం గట్టిగా ఉండాలి, ఎందుకంటే కూరగాయల వంటకంలో కూడా చేపల సాస్ పోస్తారు. పసుపు రంగు మీద ఎర్రగా రాసిన "జే" గుర్తున్న చోటు వెతకండి. అది చైనా పద్ధతి శాకాహారం. గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. ఆ గుర్తు లేని చోట "మై సై నామ్ ప్లా" అంటే చేపల సాస్ వెయ్యొద్దని, "మై సై ఖై" అంటే గుడ్డు వెయ్యొద్దని. ఈ మాటల్ని థాయ్ లిపిలో ఫోన్‌లో పెట్టుకుని చూపిస్తే ఇంకా మంచిది. ఇదంతా టెన్షన్ అనిపిస్తే మామిడిపండు, కొబ్బరిపాలు కలిపిన జిగురన్నం తినండి. ఖావ్ నియావ్ మముయాంగ్ అంటారు. కడుపు నిండుతుంది. జామకాయ ముక్కలకి ఉప్పూకారం అద్దుకుని తినడం అక్కడా ఉంది.

మన వంటే కావాలంటే దగ్గర్లోని సనమ్ చాయ్ మెట్రో స్టేషన్ నుంచి ఒక్క స్టేషన్ దూరంలో సామ్ యోత్ దిగి ఫాహురాత్ వెళ్లొచ్చు. బ్యాంకాక్ లిటిల్ ఇండియా అదే. బంగారు గుమ్మటం ఉన్న గురుద్వారా, బట్టల షాపులు, పంజాబీ హోటళ్లు ఉంటాయి. దీనికి గంటన్నర పోతుంది, కాబట్టి నిజంగా అవసరమైతేనే.

వాట్ పో, ఎండ తీవ్రంగా ఉన్న వేళలో

టికెట్ 300 బాత్. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు. హాలు విగ్రహానికి సరిపోయేంతే ఉండటం వల్ల మొత్తం ఒక్కసారిగా కనబడదు. తల దగ్గర మొదలుపెట్టి, స్తంభాల సందుల్లోంచి చూసుకుంటూ పాదాల దాకా నడవాలి. అరికాళ్ల మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలు ఉన్నాయి. వీపు వైపు వరసగా 108 కంచు గిన్నెలు. 20 బాత్ ఇస్తే చిల్లర నాణేలు ఇస్తారు, ఒక్కో గిన్నెలో ఒక్కోటి వేసుకుంటూ వెళ్లొచ్చు. ఆ చప్పుడు హాలంతా వినిపిస్తూ ఉంటుంది. నాణేలు వేసే పనిలో ఉన్నప్పుడు బ్యాగు వీపు మీద కాకుండా ముందుకి వేసుకోండి.

చాలామంది ఈ హాలు చూసి వెళ్లిపోతారు. మీరు ప్రధాన మందిరం దాకా వెళ్లి దాని పునాది చుట్టూ ఉన్న పాలరాతి పలకలు చూడండి. పొద్దున రంగుల్లో చూసిన రామకథే ఇక్కడ రాతిలో చెక్కి ఉంటుంది.

ఒంటిగంట, రెండు మధ్య బయట నడవడం మంచిది కాదు. థాయ్ మసాజ్ నేర్పే పాత బడి ఉన్న గుడి ఇదే, ఆవరణలోనే మసాజ్ మండపాలున్నాయి. రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి. బట్టలతోనే, అందరి మధ్య పడుకోబెట్టి చేస్తారు కాబట్టి ఒంటరిగా వెళ్లిన ఆడవాళ్లకి కూడా ఇబ్బంది ఉండదు. గట్టిగా నొక్కుతారు. నొప్పిగా ఉంటే "బావ్ బావ్" అంటే మెల్లగా అని. మే నుంచి అక్టోబర్ దాకా వానలు, ఎక్కువగా ఈ వేళ తర్వాతే పడతాయి. మసాజ్ అయ్యేసరికి వాన వస్తే తగ్గేదాకా అక్కడే ఆగండి, గంటలో వెలిసిపోవడం మామూలే.

నది దాటి వాట్ అరుణ్

మూడు, మూడున్నరకి థా తియన్ రేవుకి నడవండి. అవతలి ఒడ్డుకి ఫెర్రీ ఐదు బాత్, ఐదు నిమిషాల్లోపే చేరుస్తుంది. గుడి టికెట్ 200 బాత్, సాయంత్రం ఆరుకి మూసేస్తారు.

దూరం నుంచి తెల్లటి రాయిలా కనిపించే ఈ గోపురం దగ్గరికి వెళ్తే నిలువెల్లా పింగాణీ ముక్కలు. విరిగిన పళ్లేలు, గిన్నెలు, పూల ఆకారంలో అతికించిన ముక్కలు. గోపురాన్ని మేరు పర్వతంగా భావించి కట్టారు. అరల్లో ఐరావతం మీద ఇంద్రుడు ఉంటాడు, అంతస్తుల్ని మోస్తూ వానరులు, రాక్షసులు వరసగా నిలబడతారు. ప్రధాన మందిరం గుమ్మం దగ్గర నిలువెత్తు రాక్షసులు ఇద్దరు, వాళ్లలో ఆకుపచ్చ రంగువాడు రావణుడు. 1767లో పాత రాజధాని అయుత్థయ బర్మా సేనల చేతిలో కూలిపోయాక, తాక్సిన్ రాజు ఈ ఒడ్డునే రాజధాని పెట్టుకున్నాడు. పొద్దున మీరు చూసిన పచ్చ బుద్ధుడు కూడా కొన్నాళ్లు ఇక్కడే ఉన్నాడు.

మెట్లు చాలా నిటారుగా ఉంటాయి. ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడు తెలుస్తుంది. పక్కనున్న కమ్మీ పట్టుకుని, ఒళ్లు పక్కకి తిప్పి దిగండి. మీ ఫొటో తీయడానికి ఎవరూ లేరని దిగులు వద్దు. థాయ్ బట్టలు అద్దెకి తీసుకుని ఫొటోలు దిగేవాళ్లు ఇక్కడ ఎప్పుడూ ఉంటారు. ముందు మీరే వాళ్లకి ఫొటో తీసిపెట్టండి, తర్వాత మీ ఫోన్ ఇవ్వండి. పరిగెత్తుకుపోతున్నవాళ్లకి కాకుండా కుటుంబంతో నింపాదిగా ఉన్నవాళ్లకి ఇవ్వడం మంచిది.

సూర్యాస్తమయానికి ఇక్కడే ఉండాలనుకోవడం సహజం. కానీ గుడి పడమటి ఒడ్డున ఉంది, సూర్యుడు దిగేది దాని వెనకే. ఆ దృశ్యం కావాలంటే ఐదున్నరకల్లా మళ్లీ ఫెర్రీ ఎక్కి థా తియన్ వైపుకి రావాలి. ఒడ్డున మేడ మీది కేఫ్‌లలో ఒక జ్యూస్ ఖరీదుకి కుర్చీ దొరుకుతుంది. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే నది ఒడ్డున నిలబడి చూడటానికి కూడా చోటుంది.

చీకటి పడ్డాక

థా తియన్ నుంచి సనమ్ చాయ్ ఎంఆర్‌టీ స్టేషన్‌కి పది నిమిషాల నడక. దాన్ని రాజదర్బారులా స్తంభాలతో, బంగారు రంగు కప్పుతో తీర్చిదిద్దారు. స్టేషన్‌లోకి దిగేముందు ఓపిక ఉంటే పక్కనే ఉన్న పాక్ ఖ్లాంగ్ తలాత్ పూల మార్కెట్‌లోకి ఒక చుట్టు వెళ్లండి. రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. బంతిపూల గుట్టలు, మల్లెల దండలు, రేకుల్ని లోపలికి మడిచిన తామర మొగ్గలు. మన వైపు దండలకి, వాళ్ల దండలకి కట్టే తీరులో తేడా చూస్తూ నిలబడితే అమ్మేవాళ్లు సంతోషంగా చూపిస్తారు.

సనమ్ చాయ్ నుంచి రెండో స్టేషన్ వాట్ మంగ్‌కోన్. దిగితే యావరాత్ రోడ్డు, చైనాటౌన్. రోడ్డు పొడవునా బండ్లు, ఎర్రటి నియాన్ బోర్డులు, కాల్చిన చెస్ట్‌నట్లు, దానిమ్మ రసం, మిరియాల ఘాటుతో నూడుల్స్ పులుసు, లోపల కస్టర్డ్ పెట్టి కాల్చిన బన్నులు. సోమవారం చాలా బండ్లు ఉండవు, కాబట్టి మీ ఒక్క రోజును ఎంచుకునే వీలుంటే సోమవారం వద్దు. రేటు బోర్డు లేని సముద్రపు చేపల హోటల్‌లో కూర్చోకండి, లేదా ఆర్డర్‌కి ముందే అడగండి. శాకాహారులకి ఇక్కడ మిగతా ఏడాదంతా కొంచెం కష్టమే. అయితే సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లలో వచ్చే తొమ్మిది రోజుల జే పండుగ వేళ రోడ్డంతా పసుపు జెండాలే, అప్పుడు దిగులే లేదు.

మూడు టికెట్లకి వెయ్యి బాత్, పడవలకి ముప్పై లోపు, మెట్రోలకి, తిండికి మరో నాలుగైదు వందలు. మసాజ్ తీసేస్తే రోజంతా 1,600 బాత్‌లోపే అవుతుంది.

తిరుగు ప్రయాణానికి వాట్ మంగ్‌కోన్ నుంచే బ్లూ లైన్ రైలు ఎక్కండి. సుఖుమ్‌విత్ దాకా లైన్ మారక్కర్లేదు, అక్కడ దిగితే బీటీఎస్ అశోక్ స్టేషన్ పక్కనే. రైళ్లు అర్ధరాత్రి దగ్గర దాకా ఉంటాయి, కానీ పదకొండుకల్లా ఎక్కేస్తే చివరి రైలు కోసం పరిగెత్తే పని ఉండదు. అది తప్పిపోతే గ్రాబ్ లేదా బోల్ట్ యాప్‌లో బండి పిలిచి, బండి నంబర్ సరిచూసి, ప్రయాణం లింకు ఇంటికి పంపి ఎక్కండి. రోడ్డు మీద ట్యాక్సీ ఆపితే ముందు "మీటర్?" అని అడగండి. మీటర్ 35 బాత్ దగ్గర మొదలవుతుంది. వెయ్యనంటే తలుపు మూసి తర్వాతి బండి ఆపండి. ఎక్కాక రాత్రి ఫొటో తీసి పెట్టుకున్న హోటల్ కార్డు డ్రైవర్‌కి చూపించండి.